కెనడా పీఆర్‌కి ఉద్యోగ అనుభవం: కోడ్ ఎంచుకోవడం నుంచి లెటర్ చేతికొచ్చేదాకా

మా ఆడబిడ్డ కొడుకు ఒక ఆదివారం సాయంత్రం లెటర్ పట్టుకుని ఇంటికొచ్చాడు. తిరుపతి రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో ఒక హోటల్లో 2019 నుంచి పనిచేస్తున్నాడు. కెనడా పీఆర్‌కి, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి, అప్లై చేయాలని వాడి ఆశ. "అత్తా, లెటర్ వచ్చేసింది. ఇంగ అప్లై చేసేద్దామా?" అన్నాడు. తీసుకుని చదివాను. నాలుగే వాక్యాలు. ఈ అబ్బాయి 2019 నుంచి మా దగ్గర మేనేజర్‌గా చేస్తున్నాడు, నిజాయితీపరుడు, కష్టపడే మనిషి, అతని భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటున్నాం. కింద గుండ్రటి సీలు, దాని మీద ఎవరిదో తెలియని గీత లాంటి సంతకం.

ఆ లెటర్‌లో ఓనర్ గారి ప్రేమ కనిపిస్తోంది. ఆఫీసర్‌కి కావాల్సిన వివరం మాత్రం లేదు. రోజూ ఏం పని చేస్తాడు, వారానికి ఎన్ని గంటలు, జీతం ఎంత, సంతకం పెట్టింది ఎవరు, ఫోన్ చేస్తే దొరుకుతారా, వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు. పైగా ఒక తప్పు కూడా ఉంది. వాడు 2019లో చేరింది మేనేజర్‌గా కాదు, రిసెప్షన్‌లో క్లర్కుగా.

నేను రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీలో 11 ఏళ్లు హెచ్ఆర్‌లో చేశాను. ఇలాంటి లెటర్లు ఎన్ని టైపు చేసి ఉంటానో లెక్కలేదు. వాటిలో ఒకటి ఇప్పటికీ నన్ను వదలదు. మానేసి వెళ్తున్న ఒక ఇంజినీరు అబ్బాయికి కంపెనీ ఫార్మాట్ ప్రకారం హోదా, చేరిన తేదీ, మానేసిన తేదీ మాత్రమే రాసిచ్చాను. చేసిన పని గురించి ఒక్క ముక్క లేదు. రెండేళ్ల తర్వాత అతనికి కెనడా నుంచి ఇన్విటేషన్, అంటే పీఆర్‌కి అప్లై చేయమనే పిలుపు, వచ్చింది. గడువు ఇంకా తొమ్మిది రోజులే ఉందనగా ఫోన్ చేసి "మేడం, డ్యూటీలు రాసివ్వండి, ప్లీజ్" అన్నాడు. అప్పటికి నేను ఆ కంపెనీలో లేను. అతని పని తెలిసిన మేనేజర్ కూడా లేడు. ఆ ఇన్విటేషన్ అట్లే పోయింది. అతను ఉద్యోగంలో ఉండగానే ఎవరైనా ఈ విషయం చెప్పి ఉంటే వారం రోజుల్లో అయిపోయే పని అది. అందుకే నాకు తెలిసినదంతా ఇక్కడ రాస్తున్నాను.

ఇది ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (పాయింట్లనుబట్టి పీఆర్‌కి మనుషుల్ని ఎంచుకునే కెనడా ఆన్‌లైన్ పద్ధతి) ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ దారిన, అంటే మన దేశంలో చేసిన ఉద్యోగాన్ని చూపించి వెళ్లేవాళ్ల కోసం. ఆస్ట్రేలియాకి వెళ్లేవాళ్లకి కోడ్‌లు, రూల్స్ వేరు. కానీ లెటర్ గురించి, సాక్ష్యాల గురించి చెప్పేది వాళ్లకీ చాలావరకు పనికొస్తుంది.

మొదటి మెట్టు: లెక్కలోకి వచ్చే అనుభవం ఎంతో తేల్చుకోండి

కాగితం కలం తీసుకుని మీరు చేసిన ప్రతి ఉద్యోగాన్నీ నెలలతో సహా రాయండి. ఇప్పుడు దాన్ని జల్లెడ పట్టాలి.

జీతం తీసుకోని పని లెక్కలోకి రాదు. నాన్న కొట్లో ఐదేళ్లు కూర్చున్నా, జీతమో కమీషనో అందినట్టు ఆధారం లేకపోతే దాన్ని పక్కన పెట్టాల్సిందే. స్టైపెండ్ లేని ఇంటర్న్‌షిప్ కూడా అంతే. చదువుకుంటూ చేసిన ఉద్యోగమైనా జీతం వచ్చి, విరామం లేకుండా సాగి ఉంటే ఈ దారిలో పనికొస్తుంది.

పని చేసింది అప్లై చేసే రోజుకి వెనక్కి 10 ఏళ్లలోపు అయి ఉండాలి. కనీసం ఒక ఏడాది ఆగకుండా, ఒకే రకం వృత్తిలో చేసి ఉండాలి. ఫుల్‌టైమ్ అంటే వారానికి 30 గంటలు, ఏడాదికి 1,560 గంటలు. వారానికి 15 గంటల పార్ట్‌టైమ్ అయితే 24 నెలలు కావాలి. మన దగ్గర చాలామంది వారానికి 48 గంటలు, పండగ రోజుల్లో 60 గంటలు కూడా చేస్తారు. 30 దాటిన గంటలకి అక్కడ విలువ లేదు. రోజుకి 12 గంటలు చేశాను కాబట్టి ఎనిమిది నెలలకే ఏడాది పూర్తయిందంటే ఒప్పుకోరు.

ఆ "ఆగకుండా" అనే మాట దగ్గరే మన జిల్లాలో చాలామంది తడబడతారు. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల సంగతి చూడండి. తోతాపురి కాయ దిగే నెలల్లో ల్యాబ్‌లోకి కెమిస్టులను తీసుకుంటారు, సీజన్ అయ్యాక పంపేస్తారు. అలా నాలుగు సీజన్లు చేసినవాళ్లు నెలలన్నీ కూడి ఏడాది దాటిందనుకుంటారు. ఆ కనీస ఏడాదికి అలా కూడితే చెల్లదు. అదే ఫ్యాక్టరీలో గోడౌన్‌లో ఉన్న సరుకు టెస్టింగ్‌కి, ఎగుమతి కాగితాలకి ఏడాది పొడవునా ఉంచుకున్న కెమిస్టుకి మాత్రం ఇబ్బంది లేదు.

మావాడి లెక్క కూడా ఇలాగే కూర్చుని వేశాం. 2019 జూన్‌లో రిసెప్షన్ క్లర్కుగా చేరాడు. 2020 మార్చిలో కొండ మీద దర్శనాలు ఆగిపోయాయి, ఆ వెంటే లాక్‌డౌన్ వచ్చింది. స్టేషన్ చుట్టూ ఉన్న లాడ్జీలన్నీ తాళాలు వేసుకున్నాయి. మావాడి హోటల్ కూడా మూసేశారు. మూడు నెలలు జీతం లేదు. ఉద్యోగం పోలేదు కానీ జీతం రాలేదు, కాబట్టి ఆ మూడు నెలలు లెక్కలోకి రావు. జూన్‌లో దర్శనాలు మళ్లీ మొదలయ్యాక జూలైలో పిలిచారు. 2021 ఆగస్టులో షిఫ్ట్ ఇన్‌చార్జిని చేసి, బోర్డు మీద "మేనేజర్" అని రాశారు. ఈ మూడు ముక్కలనూ విడివిడిగా రాయాలి. ఏ ముక్క ఎందుకు పనికొస్తుందో కోడ్ చెబుతుంది.

రెండో మెట్టు: కోడ్ ఎంచుకోవడం

కెనడాలో ప్రతి వృత్తికీ ఐదు అంకెల కోడ్ ఉంటుంది. దాన్ని ఎన్‌ఓసీ (నేషనల్ ఆక్యుపేషనల్ క్లాసిఫికేషన్) అంటారు. ఇప్పుడు వాడుతున్నది 2021 వెర్షన్. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలోకి అది 2022 నవంబర్ 16న వచ్చింది. అంతకు ముందు నాలుగు అంకెల కోడ్‌లు ఉండేవి. ఎవరైనా అన్నయ్య 2020లో వాడిన కోడ్ మీకు పంపితే అది పాతది.

ఐదు అంకెల్లో మొదటిది రంగాన్ని చెబుతుంది. రెండో అంకె టీర్, అంటే ఆ పనికి ఎంత చదువు, శిక్షణ, బాధ్యత కావాలో చెప్పే స్థాయి. అది 0 నుంచి 5 దాకా ఉంటుంది. ఫెడరల్ స్కిల్డ్ వర్కర్‌కి 0, 1, 2, 3 పనికొస్తాయి. 4, 5 పనికిరావు. అందుకే కోడ్ చూడగానే కన్ను రెండో అంకె మీదికి పోవాలి.

హోటల్ పనిని తీసుకోండి. రిసెప్షన్‌లో గది ఇచ్చే క్లర్కు కోడ్ 64314. రెండో అంకె 4, కాబట్టి పనికిరాదు. క్లర్కులకి పని పంచి, చూసుకునే సూపర్‌వైజర్ కోడ్ 62022. రెండో అంకె 2, పనికొస్తుంది. హోటల్ మొత్తాన్ని నడిపే మేనేజర్ 60031. అంకె 0, అదీ పనికొస్తుంది. ముగ్గురూ ఒకే హాల్లో ఉంటారు, ఒక్కోసారి ముగ్గురినీ "మేనేజర్ సార్" అనే పిలుస్తాం. తిరుపతిలో కౌంటర్ వెనక కూర్చున్న ప్రతివాడూ మేనేజరే కదా!

మరి మావాడు ఎవరు? బోర్డు మీద రాసిన హోదా పక్కన పెట్టి, "పొద్దున డ్యూటీ ఎక్కినప్పటి నుంచి ఏం చేస్తావో చెప్పు" అన్నాను. మొదట "అన్నీ నేనే చూసుకుంటా అత్తా" అన్నాడు. అలా కాదు, నిన్న ఏం చేశావో చెప్పమన్నాను. అప్పుడు వరుసగా వచ్చింది. నైట్ షిఫ్ట్ వాళ్ల దగ్గర క్యాష్ సరిచూసుకోవడం. వారం వారం షిఫ్టుల పట్టీ వేయడం, శని ఆదివారాలకి ఒక మనిషిని ఎక్కువ పెట్టడం. కొత్తగా చేరినవాళ్లకి బుకింగ్ సాఫ్ట్‌వేర్ నేర్పడం. విదేశీయులు దిగితే 24 గంటల్లోపు వాళ్ల వివరాలు ప్రభుత్వానికి వెళ్లాయో లేదో చూడటం. బ్రహ్మోత్సవాలప్పుడు ఒకే గది ఇద్దరికి బుక్ అయితే గొడవ తీర్చడం. నెలాఖరుకి ఆక్యుపెన్సీ రిపోర్టు ఓనర్‌కి ఇవ్వడం. గది రేట్లు పెట్టేది, మనుషుల్ని తీసుకునేది, బడ్జెట్ చూసేది ఎవరని అడిగితే ఓనర్ అన్నాడు.

అక్కడే తేలిపోయింది. రేట్లు, బడ్జెట్, నియామకాలు చేతిలో లేని మనిషి 60031 కాడు. క్లర్కుల పని పంచి, నేర్పి, సరిచూసే మనిషి కాబట్టి 2021 ఆగస్టు నుంచి 62022. అంతకు ముందు రెండు ముక్కలూ 64314. అవి అనుభవం కింద లెక్కకి రావు.

వాడి ముఖం చిన్నబోయింది. "లెటర్‌లో 2019 నుంచి మేనేజర్ అనే ఉంది కదా అత్తా, అట్లే పెట్టేద్దాం" అన్నాడు. ఈ మాట అనని పిల్లవాడిని నేను చూడలేదు. అందుకే లెక్క వేసి చూపించాను. ఈ ప్రోగ్రాంలో అర్హతకి 100కి 67 పాయింట్లు రావాలి. అనుభవానికి ఏడాదైతే 9, రెండు మూడేళ్లకి 11, నాలుగైదేళ్లకి 13, ఆరు ఆపైన 15. ఇన్‌చార్జిగా చేసిన నాలుగేళ్లకి 13 వస్తాయి, ఆరేళ్లని అబద్ధం చెబితే 15. తేడా రెండు పాయింట్లు. ఆ తర్వాత పూల్‌లో, అంటే అర్హత ఉన్నవాళ్లందరి జాబితాలో, వేసే ర్యాంకింగ్‌లో విదేశీ అనుభవాన్ని "ఒకటి లేదా రెండేళ్లు", "మూడేళ్లు ఆపైన" అని రెండే భాగాలు చేస్తారు. నాలుగేళ్లయినా ఆరేళ్లయినా అక్కడ ఒకటే. దొరికితే మాత్రం తప్పుడు సమాచారం ఇచ్చినందుకు అయిదేళ్ల నిషేధం. ఇంత చిన్న లాభానికి అంత పెద్ద రిస్కు ఎందుకు?

కోడ్ తేల్చుకోవడానికి ప్రభుత్వ ఎన్‌ఓసీ సైట్‌లో ఆ కోడ్ పేజీ తెరవండి. మొదట ఆ వృత్తి గురించి రెండు మూడు వాక్యాల పరిచయం ఉంటుంది. దాన్ని లీడ్ స్టేట్‌మెంట్ అంటారు. కింద ముఖ్యమైన డ్యూటీల జాబితా ఉంటుంది. లీడ్ స్టేట్‌మెంట్ మీ పనికి పూర్తిగా సరిపోవాలి. డ్యూటీల్లో చాలావరకు మీరు చేసి ఉండాలి, తప్పనిసరి అన్నవి అన్నీ చేసి ఉండాలి. హోదా పేరు కలిస్తే సరిపోదు, కలవకపోయినా నష్టం లేదు.

ఇంకో ఉదాహరణ. చిత్తూరులో ఆడిటర్ ఆఫీసులో చేసే పిల్లలంతా తమను అకౌంటెంట్లనే చెప్పుకుంటారు. ఆడిట్ చేసి, ఆర్థిక నివేదికలు విశ్లేషించి, సలహా ఇచ్చేవాళ్లు 11100. పూర్తి పుస్తకాలు రాసి, ట్రయల్ బ్యాలెన్స్ దాకా తీసుకొచ్చేవాళ్లు 12200. బిల్లులు ఎంట్రీ చేసి, వోచర్లు సర్దేవాళ్లు 14200. రెండో అంకెలు 1, 2, 4. ట్యాలీ ముందు కూర్చున్న ముగ్గురిలో ఒకరికి దారి మూసుకుపోతుంది. మూడేళ్లు వోచర్లే కొట్టిన పిల్ల 11100 పెట్టుకుంటే, లెటర్‌లో డ్యూటీలు రాసేటప్పుడు ఆ సంగతి బయటపడుతుంది. బెంగళూరు, చెన్నై వెళ్లి సాఫ్ట్‌వేర్‌లో చేరిన మన పిల్లలకీ ఇదే చిక్కు. కంపెనీ "సీనియర్ అసోసియేట్" అంటుంది. ప్రోగ్రాములు రాసేవాళ్లయితే 21232, సాఫ్ట్‌వేర్ డిజైన్ చేసేవాళ్లయితే 21231, టెస్టింగ్ చేసేవాళ్లయితే 22222. ఆ హోదా పేరునిబట్టి ఇందులో ఏదో ఎవరికీ తెలియదు. మూడూ అర్హత ఉన్నవే, కానీ ఒకటి పెట్టి ఇంకొకటి రాస్తే ఫైలు నిలవదు.

2023 నుంచి కొన్ని వృత్తులవాళ్లను విడిగా పిలిచే డ్రాలు (పూల్ నుంచి ఇన్విటేషన్లు పంపే విడతలు) కూడా జరుగుతున్నాయి. "ఈ కోడ్‌కి డ్రా తొందరగా వస్తుందట" అని కోడ్ మార్చుకునేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. చేసిన పనినిబట్టే కోడ్.

మూడో మెట్టు: మీ చేత్తో రాయని కాగితాలు

లెటర్ మీ మాట, మీ ఓనర్ మాట. దానికి బలం ఇచ్చేది ఇంకెవరో రాసిపెట్టిన రికార్డు. అందుకే లెటర్ కంటే ముందు ఇవి తీసుకోండి.

ఫారం 16 (జీతంలో కోసిన పన్నుకి కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్), 26ఏఎస్ (మీ పేరు మీద జమైన పన్నుల పట్టీ), పీఎఫ్ పాస్‌బుక్, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, పే స్లిప్పులు, అపాయింట్‌మెంట్ లెటర్, ఇంక్రిమెంట్ లెటర్లు, మానేసి ఉంటే రిలీవింగ్ లెటర్. పీఎఫ్ సైట్‌లో యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి) నంబర్‌తో లోపలికి వెళ్లి సర్వీస్ హిస్టరీ చూడండి. అందులో చేరిన తేదీ, మానేసిన తేదీ ఉంటాయి. లెటర్‌లో తేదీకి, దానికి నెలలు నెలలు తేడా ఉంటే ఎందుకో చెప్పాలి. మొదటి ఆరు నెలలు పీఎఫ్ కట్టలేదు అన్నది మన దగ్గర మామూలే. దాన్ని దాచడం కంటే ఒక వాక్యంలో రాసేయడం మేలు.

26ఏఎస్‌లో ఒకటి గమనించండి. 2026 మార్చి దాకా నడిచిన 1961 ఆదాయపు పన్ను చట్టం ప్రకారం జీతం మీద టీడీఎస్ (చేతికి ఇచ్చేముందే కోసే పన్ను) 192 సెక్షన్ కింద కనిపించేది. కొన్ని ఆస్పత్రులు, కాలేజీలు, చిన్న ఐటీ కంపెనీలు మనుషుల్ని "కన్సల్టెంట్" అని తీసుకుని 194జె కింద కోసేవి. అంటే రికార్డులో మీరు ఉద్యోగి కాదు, సొంతంగా వృత్తి చేసుకునేవారు. అప్పుడు కావాల్సిన రుజువులు వేరు, ఆరో మెట్టులో చెబుతాను. చాలామంది నర్సులకి, లెక్చరర్లకి ఈ సంగతి అప్లై చేసే రోజుదాకా తెలియదు.

నగదు జీతం పెద్ద సమస్య. మావాడికి మొదట నెలకి పది వేలు బ్యాంకులో, ఎనిమిది వేలు చేతికి ఇచ్చేవాళ్లు. లెటర్‌లో మొత్తం జీతం రాయించి, ఎంత బ్యాంకు ద్వారా, ఎంత నగదు అన్నది కూడా రాయించాం. సంతకం పెట్టిన నగదు రిజిస్టర్ పేజీల ఫొటోలు తీసుకున్నాం. ఐటీ రిటర్న్‌లో ఏం చూపించారో దానికి సరిపోతుందా అన్నది కూడా చూసుకోండి. ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నవాళ్లు రేపే ఓనర్‌ని అడిగి జీతం మొత్తం బ్యాంకులో వేయమనండి.

నాలుగో మెట్టు: రిఫరెన్స్ లెటర్

ఇది నింపాదిగా చేయాల్సిన పని. కెనడా ఇమిగ్రేషన్ శాఖ అడిగేవి ఇవి: కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉండాలి. మీ పేరు, కంపెనీ చిరునామా, ఫోన్, ఈమెయిల్ ఉండాలి. మీ పై అధికారి గానీ, హెచ్ఆర్ గానీ పేరు, హోదాతో సంతకం చేయాలి. మీరు అక్కడ చేసిన ప్రతి హోదాకీ విడిగా పేరు, తేదీలు, డ్యూటీలు, వారానికి గంటలు, ఏడాది జీతం, అదనపు సౌకర్యాలు రాయాలి. ఇప్పటికీ చేస్తుంటే ఆ మాట కూడా రాయాలి.

"హోదాకి విడిగా" అన్నది గుర్తుపెట్టుకోండి. మావాడి లెటర్‌లో రెండు భాగాలు పెట్టాం. మొదటిది క్లర్కుగా, మధ్యలో జీతం లేని మూడు నెలలతో సహా. రెండోది షిఫ్ట్ ఇన్‌చార్జిగా. మొదటి భాగం పాయింట్లకి పనికిరాకపోయినా ఉండాలి, ఎందుకంటే అదీ నిజం, రేపు పీఎఫ్ రికార్డులో కనిపించేదీ అదే.

డ్యూటీలు రాయడంలో రెండు రకాల తప్పులు చూస్తాను. ఒకటి, "రిసెప్షన్ వ్యవహారాలు చూసుకున్నారు" అని ఒక్క ముక్కలో తేల్చేయడం. రెండోది, ఎన్‌ఓసీ పేజీలో వాక్యాలను ఉన్నదున్నట్టు దించేయడం. ఆఫీసర్ రోజూ ఆ పేజీ చూస్తుంటాడు. తన పేజీనే తనకి లెటర్‌గా పంపితే అనుమానం రాకుండా ఉంటుందా? మీ పని మీ మాటల్లో, అంకెలతో ఉండాలి. "సిబ్బందిని పర్యవేక్షించారు" అని రాసే బదులు, "64 గదుల హోటల్లో మూడు షిఫ్టుల్లో పనిచేసే రిసెప్షన్ క్లర్కులకి వారం వారం డ్యూటీ పట్టీ వేసి, రోజూ షిఫ్టు మారేటప్పుడు నగదు సరిచూసేవారు" అని రాయించండి. "రిపోర్టులు తయారుచేశారు" అనడం కంటే, "ప్రతి నెలా ఎన్ని గదులు నిండాయి, ఎన్ని బుకింగులు రద్దయ్యాయి అన్న నివేదిక ఓనర్‌కి ఇచ్చేవారు" అనడం మేలు. ఆరు నుంచి తొమ్మిది వాక్యాలు చాలు. ఎక్కువ సమయం పట్టే పని ముందు రాయండి. లెటర్ ఇంగ్లిష్‌లోనే తీసుకోండి, అప్పుడు అనువాదం గొడవ ఉండదు.

హెచ్ఆర్‌లో ఉండి చెబుతున్నా, అడిగే పద్ధతి మీదే సగం ఆధారపడి ఉంటుంది. నోటీస్ ఇచ్చిన రోజు కాదు, అంతకు చాలా ముందే అడగండి. డ్యూటీలు మీరే డ్రాఫ్టు రాసి, మీ పై అధికారికి పంపి, "సార్, ఇందులో తప్పుంటే దిద్దండి" అనండి. ఆయన ఈమెయిల్‌లో "సరిగ్గా ఉంది" అని రాస్తే, హెచ్ఆర్‌కి సంతకం పెట్టడానికి భయం ఉండదు. సంతకం పెట్టే మనిషికి ఇది ఎందుకో చెప్పండి. కెనడా నుంచి ఫోన్ రావచ్చు, ఈమెయిల్ రావచ్చు అని కూడా చెప్పండి. "ఎవరో తెలీదే" అన్న ఒక్క మాట మీ ఫైలు మీద పడకూడదు.

అయిదో మెట్టు: కంపెనీ లెటర్ ఇవ్వనంటే

పెద్ద కంపెనీలు "మా పాలసీలో డ్యూటీలు రాయం" అంటాయి. కొన్ని చిన్నచోట్ల మానేశాడన్న కోపంతో ఇవ్వరు. అలాంటప్పుడు వాళ్లు ఇచ్చే సాదా సర్టిఫికెట్ తీసుకోండి. దానితోపాటు మీ పని దగ్గరుండి చూసిన పై అధికారి, ఆయన దొరక్కపోతే తోటి ఉద్యోగి చేత, నోటరీ ముందు అఫిడవిట్ రాయించండి. అందులో ఆయన ఎక్కడ, ఎప్పటినుంచి ఎప్పటిదాకా మీతో పనిచేశారు, మీ పని ఏమిటి, గంటలెన్ని అన్నది ఉండాలి. ఆయన కూడా అక్కడ పనిచేసినట్టు రుజువు, ఐడీ జత చేయాలి. మీరు లెటర్ అడిగిన ఈమెయిళ్లు, వాళ్లు కాదన్న జవాబు కూడా పెట్టండి. ఎందుకు అసలు లెటర్ లేదో ఒక వివరణ లెటర్ రాయండి. నాకు ఆ రోజు ఫోన్ చేసిన అబ్బాయికి ఈ దారి ఉందని చెప్పగలిగేంత తెలివి అప్పటికి నాకు లేదు.

కంపెనీ మూతపడితే జీఎస్టీ సైట్‌లో దాని నంబర్ రద్దయినట్టు, లేదా కంపెనీల రిజిస్ట్రార్ సైట్‌లో స్ట్రైక్ ఆఫ్ అయినట్టు, అంటే పేరు కొట్టేసినట్టు, చూపే పేజీ ప్రింట్ తీయండి.

ఆరో మెట్టు: సొంత పని చేసుకునేవాళ్లు

ఫొటోగ్రాఫర్లు, ఇంటీరియర్ డిజైనర్లు, గ్రానైట్ యూనిట్ నడిపేవాళ్లు, 194జె కింద కోత పడిన కన్సల్టెంట్లు అంతా ఇందులోకే వస్తారు. మీరు ఏం చేశారో మీరే రాసుకున్న ప్రకటన రుజువు కాదు. వ్యాపారం మీదే అని చూపే కాగితం కావాలి. ఉద్యం రిజిస్ట్రేషన్, జీఎస్టీ, ట్రేడ్ లైసెన్స్, భాగస్వామ్య పత్రం లాంటివి. ఆదాయం చూపడానికి ఐటీ రిటర్న్‌లు, బ్యాంకు ఖాతా. ఇంకా ముఖ్యంగా, మీ దగ్గర పని చేయించుకున్నవాళ్ల లెటర్లు కావాలి. ఏ పని, ఎప్పుడు, ఎంత చెల్లించారు అన్న వివరంతో, ఆ చెల్లింపు మీ ఖాతాలో కనిపించేలా. నలుగురైదుగురు పెద్ద కస్టమర్ల లెటర్లు దొరికితే ఫైలు బాగా నిలుస్తుంది.

ఏడో మెట్టు: పేర్లు, చిరునామాలు, తేదీలు

మన పేర్ల తంటా కెనడా వాళ్లకి అర్థం కాదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, పీఎఫ్‌లో ఒక్క అక్షరంగా, పే స్లిప్‌లో పేరు చివర, లెటర్‌లో అసలు లేకుండా. కొత్త లెటర్లన్నీ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించండి. పాతవాటికి, ఈ పేర్లన్నీ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ ఒకటి చేయించండి.

ఇంకో సంగతి మన జిల్లాకే ప్రత్యేకం. 2022 ఏప్రిల్ 4న తిరుపతి విడి జిల్లా అయింది. అందుకే అదే హోటల్ పాత అపాయింట్‌మెంట్ లెటర్‌లో "చిత్తూరు జిల్లా", కొత్త లెటర్‌లో "తిరుపతి జిల్లా" అని ఉంటుంది. రేణిగుంట, శ్రీకాళహస్తి, శ్రీసిటీ ఫ్యాక్టరీల కాగితాల్లో కూడా ఇంతే. కంపెనీ మారిందనుకోకుండా వివరణ లెటర్‌లో ఆ తేదీతో ఒక వాక్యం రాయండి.

తెలుగులో ఉన్న నియామక ఉత్తర్వు గానీ, రిజిస్టర్ పేజీ గానీ ఉంటే ఇంగ్లిష్ అనువాదం, అనువాదకుడి అఫిడవిట్, మూలం కాపీ మూడూ కావాలి. అనువాదం మీరు గానీ, మీ ఇంట్లోవాళ్లు గానీ చేయకూడదు. ఇంగ్లిష్ టీచరైన మేనమామ చేసినా చెల్లదు.

ఎనిమిదో మెట్టు: ఫారంలో పెట్టడం

పూల్‌లోకి వెళ్లడానికి మొదట నింపే ప్రొఫైల్‌లో పని అనుభవం అన్నచోట లెక్కలోకి వచ్చేవే చూపించినా, ఇన్విటేషన్ తర్వాత వచ్చే వ్యక్తిగత చరిత్రలో ఖాళీ ఒక్క నెల కూడా ఉండకూడదు. గత 10 ఏళ్లు, లేదా 18 ఏళ్లు నిండినప్పటి నుంచి, ఏం చేస్తున్నారో అంతా రాయాలి. ఉద్యోగం లేని నెలలకి "ఉద్యోగం లేదు" అనే రాయాలి. మావాడి క్లర్కు ఉద్యోగం, లాక్‌డౌన్ నెలలు అన్నీ ఇక్కడికి వచ్చాయి.

ఇన్విటేషన్ వచ్చాక 60 రోజులు ఉంటాయి. పోలీస్ క్లియరెన్స్, మెడికల్, బ్యాంకు లెటర్లకే అవి సరిపోతాయి. రిఫరెన్స్ లెటర్లు ప్రొఫైల్ వేయకముందే చేతిలో ఉండాలి. ఒక్కో ఉద్యోగానికి ఒక్కో పీడీఎఫ్ చేయండి. ముందు లెటర్, తర్వాత ఫారం 16లు, పే స్లిప్పులు, బ్యాంకు పేజీలు, చివర వివరణ. ఫైలు 4 ఎంబీ దాటితే ఎక్కదు కాబట్టి స్కానింగ్ సెంటర్‌లోనే తక్కువ సైజులో చేయించుకోండి. సీలు, సంతకం మాత్రం చదవగలిగేలా ఉండాలి.

మావాడి కొత్త లెటర్ రెండు పేజీలు వచ్చింది. నేనూ వాడూ కలిసి ఓనర్ దగ్గరికి వెళ్లాం. ఆయన కళ్లజోడు పెట్టుకుని, వేలు కింద పెట్టుకుంటూ చదివాడు. రెండో పేజీలో ఆగి, "ఆరుగురు క్లర్కులు అని రాసినారేమ్మా? నలుగురే. ఆ ఇద్దరూ రూమ్ బాయ్స్, వాళ్లు హౌస్‌కీపింగ్ కింద ఉండారు" అన్నాడు. మావాడు నా వైపు చూశాడు. దిద్ది, మళ్లీ ప్రింట్ తీసుకొచ్చాం. సంతకం పెట్టి, కింద తన సెల్ నంబర్ రాయబోతూ, "వాళ్లు ఎప్పుడు ఫోన్ చేస్తారు?" అని అడిగాడు. వాళ్లకి పగలైతే మనకి రాత్రి అన్నాను. "అయితే నేను నిద్రలో ఉంటా. రిసెప్షన్ నంబర్ కూడా వేయండి, అక్కడ రాత్రంతా మనిషి ఉంటాడు" అన్నాడు. రెండు నంబర్లూ వేయించి, సీలు కొట్టించి తెచ్చుకున్నాం.